నాలుగు వరుసల చోటు

ప్రొద్దుటూరు నుంచి ఫోను.
పుస్తకం అచ్చేసే సారు.
"ఓబులమ్మా, అంతా బాగుంది గానీ
నలభై మూడో పేజీలో సినిమా పాట పెట్టినావే,
ఆ నాలుగు వరుసలకు అనుమతి తేవాల."

అనుమతి.
ఆ మాట నాకు కొత్త కాదు సారూ.
పందొమ్మిదేండ్లుగా కువైట్‌లో ఉండా.
అకామాకు అనుమతి, సెలవుకు అనుమతి,
మిద్దె మీద గుడ్డలారేస్తా ఫోను మాట్లాడేదానికి అనుమతి.
పాటకు మాత్రం ఎవురినీ అడగలా.
అడగాలని తెలిస్తే గదా.

శుక్రవారం మాలియాకు పోయి
టైపింగు ఖాజావలి ముందర కూచున్నా.
జీతం రానోళ్లకు, పాస్‌పోర్టు పోయినోళ్లకు
అర్జీలు కొట్టి కొట్టి అరిగిన వేళ్లు.
నా పని విని అద్దాలు నుదుటికి తోసి
"పాటకు గూడా కఫీల్ ఉంటాడా అక్కా?" అన్నాడు.

ఉంటాడంట.
రాసినాయన పోయి చాన్నాళ్లయింది.
పాట మద్రాసులో ఒక కంపెనీ కింద ఉందంట.

పన్నెండు దినాలకు ఫారం వచ్చింది.
ఎన్ని కాపీలు? మూడు వందలు.
వెల? ఇంకా అనుకోలా.
ఏ భూభాగంలో వాడుతున్నారు?

ఖాజావలి 'ఇండియా' అని కొట్టబోతే చెయ్యి పట్టుకున్నా.
జాబ్రియాలో ఒక ఇల్లు.
మెట్ల కింద గుడ్డలుతికే గది.
మిషను గిరగిరా తిరగతా ఉంటే
ఏడుపు ఆపని పసిపిల్లను భుజానేసుకొని
గోడ దాకా పదకొండు అడుగులు,
తిరిగి పదకొండు.
నేను వాడిన భూభాగం అంతే.
కొట్టు, అదే కొట్టు అన్నా.
కొట్టలేదు వాడు.

వరుసకు ఆరువేలు, పన్ను అదనం.
దినార్లలోకి మారిస్తే
సరీగా నా నెల జీతం.

"పాట తీసెయ్‌మ్మా,
భావం నీ సొంత మాటల్లో రాయి" అన్నాడు సారు.
మూడు రాత్రులు రాసినా.
దానా చదివి పారేసిన స్కూలు నోటుబుక్కుల
మిగులు కాగితాల మీదనే, పుస్తకమంతా రాసినట్టే.
వెన్నెల పడతాండాది, నిద్రపో, అని.
డాక్టరు రాసిచ్చిన చీటీ మాదిరి ఉంది.
చించేసినా.

దానా అంటే మా తట్టు ఎద్దులకు పెట్టే మేత.
ఇక్కడ పెద్ద ముత్యమంట.
మూడేండ్లప్పుడు నా పాట తనే పాడేది.
వెన్నెల నోరు తిరగక
'వన్నల్లా' అనేది.
చాప మీద కూచున్న ముసలామెకు
అందులో అల్లా వినిపించి
కండ్లు మూసి 'ఆమీన్' అనింది.
నేను సరిదిద్దలా.
ఇద్దరికీ సరిపోయింది గదా అని గమ్మునున్నా.

ఆ తప్పు పాట మద్రాసోళ్లది కాదు.
నాదీ కాదు.
దాని గలామె పైన గదిలో పరీక్షకు చదువుకుంటా ఉంది.

రాత్రి కాఫీకి దిగితే అడిగినా,
పిండి చేతులతోనే.
ఈ ఇంట్లో సెలవు గాక ఇంకోటి అడగడం
అదే మొదలు.
"నువ్వు చిన్నప్పుడు పాడినావే,
అది నా పుస్తకంలో రాసుకోనా?"

చెవిలో తీగ తీసింది. నవ్వింది.
ఒక్క ముక్క పాడింది, అదే వన్నల్లా.
తర్వాత నవ్వు ఆపి,
"దాని అర్థమేంది?
ఎప్పుడూ చెప్పలేదు నాకు.
చెప్తేనే ఇస్తా" అనింది.

ఖమర్ అనే మాట నాకు వచ్చు.
వెన్నెలకు రాదు.
పందొమ్మిదేండ్లలో ఆ మాటతో
వంటింట్లో పనే పడలా.

చేతులు కడుక్కున్నా.
పొయ్యి కట్టేసి, లైటార్పి,
కిటికీ పరదా పక్కకు లాగినా.
ఎదురు మేడ మీద, ఏసీ డబ్బాల మీద,
నీళ్ల ట్యాంకు మీద
రవ్వంత పడతా ఉంది.

అదిగో, అదీ, అన్నా.